జీపు బండి యెత్తు తగ్గించు విధము

మెట్టపల్లముల త్రోవలందును, రాళ్ల గుట్టలపైనను, ఏటి గర్భములందును నడచుటకై నిర్మింపబడిన మోటారు బండ్లను మనము సామాన్యముగా జీపులని పిలుచుచున్నాము. ఈ పేరు 1941వ సంవత్సరము మొదలుకొని అమెరికా దేశపు విల్లీస్ సంస్థ సైన్యమునకై నిర్మించిన చిన్న బండి వలన లోకమంతట ప్రసిద్ధికెక్కినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విల్లీస్, ఫోర్డు సంస్థలు రెండును కలిసి అట్టి బండ్లను 6 లక్షలకు మించి నిర్మించెను. యుద్ధానంతరమున మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశమున కూర్చి విక్రయింప నారంభించెను. నేడు మన పట్టణ వీథులలో కానవచ్చు థార్ బండి ఆ వంశములోనిదే.

ఇట్టి బండిని కొనిన యువకులలో పలువురకు దాని యెత్తును ఇంకను పెంచవలెనను కోరిక కలుగుచుండును. పొడవైన స్ప్రింగులను వేసి, పెద్ద టైర్లను తొడిగి, బండిని నాలుగైదు అంగుళములు పైకి లేపుదురు. అమెరికాలో ఈ యభ్యాసము చిరకాలము నుండి కలదు. అయితే అచ్చట కాలిఫోర్నియాలోని రూబికాన్ త్రోవ మీదను, యూటా రాష్ట్రమునందలి మోయాబ్ కొండలమీదను బండ్లను నడపి యనుభవము గడించినవారిలో అనేకులు, తాము పెంచిన యెత్తును మరల తామే తగ్గించుకొనుచున్నారు. తగ్గించుచు, చక్రములు పైకిని క్రిందికిని ఆడు నడకను మాత్రము పోగొట్టుకొనకుండ జాగ్రత్తపడుచున్నారు. ఎత్తు పెంచుట సులభము. నడక చెడకుండ తగ్గించుట లెక్క తెలిసినవాని పని. ఆ లెక్క యేమో, అందలి సూత్రములెవ్వియో మన పాఠశాల విద్యార్థులు గ్రహింపవచ్చుననియు, తలిదండ్రులకును ఇది ప్రయోజనకరమగుననియు తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఎత్తులు రెండు విధములు

బండి యెత్తు అనినప్పుడు మనము రెండు యెత్తులను వేఱుగా చూడవలెను. మొదటిది, ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలు గుండునకును నేలకును గల యెడము. రెండవది, చాసిస్‌కును ఇరుసునకును గల యెడము. ఇనుప కడ్డీవలె ఈ చక్రము నుండి ఆ చక్రము వఱకు ఒకటిగా నుండు ఇరుసు గల బండిలో, పొడవైన స్ప్రింగులను వేసినందువలన రెండవ యెత్తు మాత్రమే పెరుగును. మొదటిది వెంట్రుకవాసియైనను పెరుగదు. ఏలయన ఇరుసు చక్రముల నడుమ నున్నది. చక్రము నేలపై నున్నది. స్ప్రింగు ఇరుసునకు పైన నున్నది. కావున డిఫరెన్షియలు గుండు రాతికి తగులకుండ నుండవలెనన్న టైరు పెద్దదిగావలెను. 30 అంగుళముల టైరును తీసి 34 అంగుళముల టైరును వేసినచో ఇరుసు 2 అంగుళములు పైకి లేచును. వ్యాసములో పెరిగిన దానిలో సగమే యెత్తులో లభించునని విద్యార్థులు గుర్తింపవలెను.

ఇరుసును లేపుటకు వేఱొక యుపాయము జర్మనీ దేశపు యూనిమోగ్ బండిలో కలదు. 1948 నుండి అమ్మకమునకు వచ్చిన ఈ బండిలో ఇరుసు చక్రమధ్యమునకు పై యెత్తున నుండి, చక్రము దగ్గఱ పండ్ల చక్రముల ద్వారా బలమును క్రిందికి దింపును. అమెరికా సైన్యపు హమ్వీ బండిలోను ఇట్టి పండ్ల చక్రములే కలవు. కాని ఇవి ఖర్చుతో కూడిన నిర్మాణములు.

అట్లయిన సామాన్యులు స్ప్రింగులనేల పొడిగింతురు? పెద్ద టైరు మడ్‌గార్డునకు తగులకుండుటకు. బండి నడుమ భాగము గుట్ట శిఖరమునకు తగులకుండుటకు. ఈ రెండు కారణములును యథార్థములే. అయితే ఈ రెండు ప్రయోజనములను వేఱు విధములుగ సాధింపవచ్చునేని బండిని అంత యెత్తున నిలుపవలసిన పని లేదు.

ఎత్తు వలని కీడు

ప్రతి వస్తువునకును గురుత్వ కేంద్రమొకటి కలదు. వస్తువు బరువంతయు ఆ బిందువునందే నిలిచియున్నట్లు భావింపవచ్చును. ఆ బిందువు నుండి నిట్టనిలువుగా క్రిందికి గీచిన గీత చక్రముల నడుమ పడునంతవఱకు బండి నిలుచును. ఆ గీత క్రింది ప్రక్కనున్న చక్రమును దాటినంతనే బండి దొర్లును.

దీనిని విద్యార్థులు ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. ఒక పలకపై సన్నని కఱ్ఱబద్దను మేకులతో కొట్టి, దాని కానించి ఒక యట్టపెట్టెను నిలువుగా నుంచుడు. పెట్టె అడుగున ఒక రాతిని కట్టుడు. పలకను మెల్లగా ఎత్తుచు, పెట్టె యే కోణమున పడిపోవునో కోణమానినితో కొలిచి వ్రాసికొనుడు. పిదప ఆ రాతినే పెట్టె పైభాగమున కట్టి మరల ఎత్తుడు. పెట్టె యదే, రాయి యదే. అయినను రెండవమారు చాల చిన్న కోణముననే పడిపోవును.

ఇప్పుడు బండి లెక్కకు వత్తము. ఎడమ చక్రమునకును కుడి చక్రమునకును నడుమ దూరము 60 అంగుళములనియు, గురుత్వ కేంద్రము నేల నుండి 26 అంగుళముల యెత్తున నున్నదనియు అనుకొందము. దూరములో సగము 30. దానిని 26చే భాగింప 1.15 వచ్చును. స్ప్రింగులు వంగకయే యున్నవనుకొనినచో ఈ బండి సుమారు 49 డిగ్రీల వాలుపై ప్రక్కకు దొర్లును. ఇప్పుడు స్ప్రింగులను 5 అంగుళములు పెంచితిమి. ఇరుసులు, చక్రములు లేవలేదు గాన మొత్తము బరువులో అయిదింట నాలుగు వంతులు మాత్రమే లేచెననుకొనిన, కేంద్రము 4 అంగుళములు పెరిగి 30 అగును. భాగఫలము 1; దొర్లు కోణము 45 డిగ్రీలు. దానిపై 4 అంగుళముల పెద్ద టైర్లను వేసితిమి. బండి యంతయు 2 అంగుళములు లేచి కేంద్రము 32 అగును. భాగఫలము 0.94, కోణము 43 డిగ్రీలు.

ఆరు డిగ్రీలే గదా యని కొందఱనవచ్చును. కాని ఈ భాగఫలము వాలు త్రోవకు మాత్రమే సంబంధించినది కాదు. రహదారిపై వేగముగా మలుపు తిరుగునపుడు బండిని వెలుపలికి త్రోయు బలమునకును ఇదియే కొలత. అమెరికా దేశపు జాతీయ రహదారి భద్రతా సంస్థ 2001వ సంవత్సరపు బండ్లు మొదలుకొని, దొర్లు ప్రమాదమును అంచనా కట్టుటకు ఈ భాగఫలమునే యుపయోగించుచున్నది. సామాన్యమైన కార్లలో పెక్కింటికి అది 1.3 మొదలు 1.5 వఱకు నుండుననియు, ఎత్తయిన బండ్లకును ట్రక్కులకును 1.0 మొదలు 1.3 వఱకు నుండుననియు ఆ సంస్థ చెప్పుచున్నది. అనగా జీపు జాతి బండి కార్ఖానా నుండి వచ్చునప్పుడే కారుకంటె తక్కువ భద్రత గలది. దానిని 1 కంటె తక్కువకు దింపికొనుట తెలిసి తెలిసి ప్రమాదమును కొనితెచ్చుకొనుటయే. కొండ త్రోవలో మెల్లగా ప్రాకునపుడు నిలిచిన బండి, ఇంటికి మరలునపుడు రహదారిపై ఎదురుగా పశువు వచ్చి స్టీరింగును చటుక్కున త్రిప్పినచో నిలువకపోవచ్చును.

చక్రపు నడక యననేమి?

సమతలమున బండి నిలిచియున్నపుడు ఇరుసు ఒక స్థానమున నుండును. చక్రము రాతిపైకెక్కినపుడు ఇరుసు చాసిస్ వైపునకు లేచును. ఇది పై నడక. చక్రము గోతిలోనికి దిగినపుడు ఇరుసు చాసిస్‌నుండి దూరముగా జాఱును. ఇది క్రింది నడక. రెండును కలిపి చక్రపు మొత్తము నడక. మెకానిక్కులు దీనినే ట్రావెల్ అందురు.

ఈ నడక యెందులకు? ఎగుడుదిగుడు నేలపై నాలుగు చక్రములును నేలను విడువకుండుటకు. సామాన్యమైన డిఫరెన్షియలు గల ఇరుసులో ఒక చక్రము గాలిలో తేలినచో అది ఊరక గిరగిర తిరుగును. నేలపై నున్న రెండవ చక్రమునకు బండిని లాగునంత బలమందదు. మఱియు చక్రము గాలిలోనికి లేచినదనిన, బండి యంతయు ఒక ప్రక్కకు ఒఱగినదని యర్థము. కావున నడక గల బండి నేలను అంటిపెట్టుకొని యుండును. నడక లేని బండి ఎగుడుదిగుడు నేలపై నుంచిన నాలుగు కాళ్ల పీటవలె ఊగులాడును.

పై నడకను నిర్ణయించునవి మూడు: బంపు స్టాపు, షాకబ్జార్బరు ముడుచుకొనినప్పటి పొడవు, టైరునకు పైన నున్న ఖాళీ చోటు. క్రింది నడకను నిర్ణయించునవి షాకబ్జార్బరు సాగినప్పటి పొడవు, స్ప్రింగు పొడవు, బ్రేకు గొట్టముల పొడవు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లు వంగగల కోణము. వీనిలో ఏది ముందుగా అడ్డుపడునో అదియే నడకకు హద్దు.

తప్పుడు త్రోవలు

బండి యెత్తును తగ్గింపవలెనన్న కొందఱు స్ప్రింగు చుట్లను కోసివైతురు. ఇది తగదు. స్ప్రింగులో చుట్లు తగ్గినకొలది దాని బిఱుసు పెరుగును. 8 చుట్లు పనిచేయు స్ప్రింగును ఒక అంగుళము నొక్కుటకు 80 కిలోల బరువు వలయునేని, రెండు చుట్లు కోసిన పిదప సుమారు 107 కిలోలు వలయును. అదిగాక కోసిన కొన తన గిన్నెలో సమముగా కూర్చుండదు. మఱికొందఱు స్ప్రింగులను క్లిప్పులతో బిగించి కట్టుదురు. త్రోవలో ఆ క్లిప్పు ఊడినచో బండి ఒక్కసారిగా ఒక ప్రక్క ఎగయును. వేఱు కొందఱు పొట్టి స్ప్రింగులను మాత్రము వేసి, మిగిలిన దేనిని మార్పక విడుతురు. ఇది అంత అపాయకరము కాకపోయినను నడకలో కొంత తినివేయును. అదెట్లో క్రింది లెక్క వలన తెలియగలదు.

ఒక లెక్క

1678వ సంవత్సరమున రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించిన సూత్రమును మన పై తరగతుల విద్యార్థులు చదివియే యున్నారు. స్ప్రింగుపై బరువు ఎంత పెరుగునో, అది వంగుటయు అదే నిష్పత్తిలో పెరుగును. ఒక స్ప్రింగుపై పడు బరువు 400 కిలోలనియు, దాని బిఱుసు అంగుళమునకు 80 కిలోలనియు అనుకొందము. 400ను 80చే భాగింప 5 వచ్చును. బరువు లేనపుడు స్ప్రింగు పొడవు 17 అంగుళములైనచో, బండి క్రింద అది 12 అంగుళములుగా నిలుచును. చక్రము 5 అంగుళములు క్రిందికి జాఱువఱకు స్ప్రింగు దానిని నేలకు అదుముచునే యుండును. ఆ పిదప స్ప్రింగునందు బలము సున్న.

షాకబ్జార్బరు ముడుచుకొనిన పొడవు 15, సాగిన పొడవు 25 అనుకొందము. మొత్తము నడక 10. నిలిచిన బండిలో దాని పొడవు 20. అనగా పైకి 5, క్రిందికి 5. ఇది యెత్తుగా నున్న బండి స్థితి.

ఇప్పుడు అదే బిఱుసు గల 15 అంగుళముల స్ప్రింగును వేసి బండిని 2 అంగుళములు దింపితిమి. స్ప్రింగు 10 అంగుళముల పొడవున నిలిచెను. షాకబ్జార్బరు పొడవు 18 ఆయెను. ఇక పైకి 3 అంగుళములే మిగిలినవి. క్రిందికి 7 అంగుళములున్నను, స్ప్రింగు 5 వఱకే అదుమును. కడపటి 2 అంగుళములలో స్ప్రింగు వదులై గిన్నెలో కదలాడును. కాగితముపై నడక 10 అంగుళములే కాని, పనికివచ్చునది 8 మాత్రమే. అంతేకాక పైకి 3 అంగుళములే యున్నందున చిన్న రాతిపై నెక్కినను షాకబ్జార్బరు అడుగంటి కొట్టుకొనును. దాని రాడ్డు వంగుటయో, పట్టీ విఱుగుటయో సంభవించును.

దీనికి మందేమి? షాకబ్జార్బరు పైకొనను పట్టియుంచు పట్టీని చాసిస్‌పై 2 అంగుళములు పైకి జరుపవలెను. అప్పుడు దాని పొడవు మరల 20 అగును. పైకి 5, క్రిందికి 5. స్ప్రింగు 5 అంగుళముల క్రింది నడకకు సరిగా సరిపోవును. బండి దిగెను, నడక నిలిచెను.

కాని ఇచ్చటనే అసలు చిక్కు కలదు. బండి 2 అంగుళములు దిగినది. అయినను చక్రము ఇప్పటి స్థానము నుండి 5 అంగుళములు పైకి పోవలెను. అనగా చక్రము తన కడపటి యెత్తున, మునుపటికంటె 2 అంగుళములు ఎక్కువగా బండిలోనికి చొచ్చుకొని పోవును. ఆ 2 అంగుళముల చోటు ఎచ్చటనుండియో రావలెను. బండిని దించుట యనగా స్ప్రింగులను మార్చుట కాదు, చోటు కల్పించుట.

చోటు కల్పించుట

ఈ పనికి మంచి యుదాహరణముగా జీపు సంస్థవారి రాంగ్లరు బండ్లలో 1997 మొదలు 2006 వఱకు వెలువడిన టీజే అను రకమును తీసికొందము. దీనికి ముందును వెనుకను ఒకటిగా నుండు ఇరుసులు, చుట్ట స్ప్రింగులు కలవు. రెండు ఇరుసుల నడుమ దూరము 93.4 అంగుళములు మాత్రమే.

మొదట మడ్‌గార్డులు. పెద్ద టైరు పైకి లేచినపుడు మడ్‌గార్డు అంచునకు తగులును. కావున ఆ యంచును పైకి కోసి, చదునైన ఎత్తు మడ్‌గార్డును వేయుదురు. బండిని 2 అంగుళములు లేపుటకు బదులు మడ్‌గార్డును 2 అంగుళములు లేపుటయే యిది. ఫలమొక్కటే, గురుత్వ కేంద్రము మాత్రము ఎక్కదు.

రెండవది బంపు స్టాపులు. ఎత్తు పెంచినపుడు పెద్ద టైర్లు రాచుకొనకుండ బంపు స్టాపులను ముక్కలు వేసి పొడిగించుట వాడుక. దించునపుడు, చోటు కల్పించిన మేరకు ఆ ముక్కలను తీసివేయవలెను. బంపు స్టాపు రబ్బరుది గాన అది కొంత అణగును. పూర్తిగా అణగిన పిదపను షాకబ్జార్బరు అడుగంటకుండ కనీసము అర అంగుళము మిగులవలెను. బండి బరువు బంపు స్టాపుపై ఆగవలెనే కాని షాకబ్జార్బరుపై ఆగరాదు.

మూడవది షాకబ్జార్బరు పట్టీలు. ముందు చక్రముల వద్ద బానెట్టు క్రింది గుబ్బను కోసి పైకి లేపిన పట్టీని అతుకుదురు. వెనుక ప్రక్క చోటు తక్కువగాన షాకబ్జార్బర్లను చాసిస్ వెలుపలికి జరిపి, వెనుక టైర్ల గూడులో నిలుపుదురు. షాకబ్జార్బరు ఎంత నిలువుగా నున్న అంత చక్కగా పనిచేయును. ఈ యతుకు పనిని నేర్పరియైన వెల్డరే చేయవలెను. రాతిపై దెబ్బ తగిలినప్పుడు ఆ పట్టీ మీదనే బలమంతయు పడును.

నాలుగవది బండి పొట్ట. టీజే బండిలో గేరుపెట్టె క్రింది యినుపరేకు చాసిస్‌కంటె క్రిందికి వ్రేలాడుచుండును. గుట్టలపై మొదట తగులునది యదియే. దానిని తీసి చదునైన రేకును వేసి, ఇంజనును, గేరుపెట్టెను, వానితోపాటు బండి పైగూటిని సుమారొక అంగుళము లేపినచో పొట్ట క్రింది ఖాళీ పెరుగును. స్ప్రింగులను దించుటచే పోయిన ఖాళీ ఈ విధముగ చాలవఱకు తిరిగి లభించును. అయితే గేరుపెట్టె లేచినపుడు వెనుక ప్రొపెల్లరు షాఫ్టు వాలు పెరుగును. టీజే బండిలో ఈ షాఫ్టు మిక్కిలి పొట్టిది గాన, పైకొనను జంట జాయింటు గల షాఫ్టును వేయవలసి వచ్చును.

స్ప్రింగు నెన్నుకొను విధము

స్ప్రింగును కొనునప్పుడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది బిఱుసు. పై లెక్కలో బిఱుసు 80కి బదులు 100 అయినచో స్ప్రింగు 4 అంగుళములే వంగును. క్రింది నడక 4 అంగుళములకు తగ్గును. కావున బిఱుసైన స్ప్రింగుతో బండిని దించినవాడు నడకను పోగొట్టుకొనినవాడగును. రెండవది స్వేచ్ఛగా నున్నప్పటి పొడవు. నిలిచిన పొడవునకు, కోరిన క్రింది నడకను కలిపిన స్వేచ్ఛా పొడవు వచ్చును. మూడవది చుట్లు ఒకదానికొకటి తగులునప్పటి పొడవు. మన బండిలో చక్రము 5 అంగుళములు పైకి లేచినపుడు 10 అంగుళముల స్ప్రింగు 5 అంగుళములుగా అణగును. తీగ మందము 0.6 అంగుళము, చుట్లు 9 అయినచో, చుట్లన్నియు తగిలిన పొడవు 5.4. అనగా 5 వఱకు అణగకముందే అది ఇనుప గొట్టమువలె బిగిసి ఆగిపోవును. చుట్లు 7 అయినచో 4.2, అది చాలును. అప్పుడు స్ప్రింగుపై పడు బలము 400 కిలోల నుండి 800 కిలోలకు, అనగా సరిగా రెండింతలకు పెరుగును.

పై నడక, క్రింది నడక సమానముగా నుండుట రాతి త్రోవలకు మంచి నియమము. ఇసుక నేలలపై వేగముగా పరుగెత్తు బండ్లకు పై నడక అంతకంటె ఎక్కువ కావలయును.

ఇతరాంగములు

ఎత్తు మాఱినపుడు స్టీరింగు కడ్డీల వాలును మాఱును. ముందు ఇరుసును ప్రక్కకు పోకుండ పట్టియుంచు అడ్డకడ్డీయును, స్టీరింగు గేరుపెట్టె నుండి చక్రమునకు పోవు కడ్డీయును ఒకదానికొకటి సమాంతరముగా నుండవలెను. లేనిచో చక్రము పైకి లేచినప్పుడెల్ల స్టీరింగు త్రిప్పకయే బండి ప్రక్కకు లాగును. ఎత్తు పెంచినపుడు వంగిన పిట్‌మన్ ఆర్మును వేసియున్నచో, దించిన పిదప దానిని తీసి మొదటి దానిని వేయదగును. అడ్డకడ్డీ వాలు మాఱుటచే ఇరుసు కొంచెము ప్రక్కకు జరుగును. దాని పొడవును సరిచేసి ఇరుసును నడుమకు తేవలెను. పిదప ముందు చక్రముల కోణములను తప్పక సరిచూపించవలెను.

దించుటవలన కొన్ని లాభములు తమంతట తామే కలుగును. ఎత్తయిన బండిలో ఇరుసును పట్టియుండు పొడవు ఆర్ములు నిటారుగా వాలి, చక్రమునకు తగిలిన ప్రతి దెబ్బను చాసిస్‌కు మోసికొని వచ్చును. బండి దిగినపుడు అవి చదునై దెబ్బ మెత్తనగును.

పని జరుపు క్రమము

నేర్పరి మొదట స్ప్రింగులు కొనడు, మొదట కొలుచును. చాసిస్‌ను బలమైన స్టాండులపై నిలిపి, స్ప్రింగులను తీసివేయును. జాకీపై ఇరుసును మెల్లగా పైకి లేపుచు, రెండు చక్రములను సమముగ లేపి యొకమారు, ఒక చక్రమును మాత్రమే లేపి యొకమారు, స్టీరింగును ఎడమకును కుడికిని పూర్తిగా త్రిప్పి మఱియొకమారు, ఏది దేనికి తగులుచున్నదో చూచును. తగులు చోట్లను సుద్దతో గుర్తించి, అచ్చట చోటు కల్పించి, అటుపిమ్మట బంపు స్టాపు పొడవును నిర్ణయించును. ఆ తర్వాత ఇరుసును పూర్తిగా క్రిందికి దించి, బ్రేకు గొట్టములు బిగియుచున్నవా, షాఫ్టు జాయింట్లు పట్టుకొనుచున్నవా యని చూచును. అవసరమైనచో ఇరుసు అంతకు మించి జాఱకుండ గట్టి నాడాలను కట్టును. ఈ రెండు హద్దులును తెలిసిన పిదపనే షాకబ్జార్బరును, కట్టకడపట స్ప్రింగును ఎన్నుకొనును. ఈ క్రమమును తలక్రిందులు చేసి మొదట స్ప్రింగును కొనినవారు రెండుమార్లు డబ్బు వెచ్చింతురు.

అణగియున్న స్ప్రింగులో చాల బలము దాగియుండును. జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రింద తల పెట్టరాదు. ఈ రెండు మాటలను విద్యార్థులు మఱువరాదు.

కమానులును, మెలి కడ్డీలును

పాత జీపులలో చుట్ట స్ప్రింగులకు మాఱుగా కమాను పట్టీలుండెడివి. వానిలో ఇరుసు కమానుకు పైన నుండుట మొదటి పద్ధతి. ఎత్తు కోరి ఇరుసును కమాను క్రిందికి మార్చినవారు, దించదలచినపుడు తక్కువ వంపు గల మెత్తని కమానులను వేయుదురు. లేదా కమాను కొనల పట్టీలను చాసిస్‌పై పైకి జరుపుదురు.

2010లో వెలువడిన మొదటి థార్ బండిలో వెనుక కమానులును, ముందు చక్రములకు వేర్వేరు ఆర్ములును, స్ప్రింగులకు బదులు మెలిదిరుగు ఉక్కు కడ్డీలును కలవు. ఆ కడ్డీని మరతో బిగించి బండి ముందుభాగమును లేపుట కొందఱి యలవాటు. ఇందు చోద్యమేమనగా, మొత్తము నడక మాఱదు; బండి లేచినకొలది క్రింది నడక తగ్గిపోవును. మిక్కిలి బిగించినచో ఆర్ము తన క్రింది హద్దునకు ఆనుకొనియే యుండును. చిన్న గోతిలో పడినను ఠక్కున చప్పుడగును. చక్రమునకు పోవు షాఫ్టు జాయింట్లు వాలి త్వరగా అరుగును. అట్టి బండిలో మరను మరల వదులు చేసి దించినచో పోయిన క్రింది నడక తిరిగివచ్చును. 2020లో వెలువడిన క్రొత్త థార్ బండిలో ముందు వేర్వేరు ఆర్ములతో చుట్ట స్ప్రింగులును, వెనుక ఒకటిగా నుండు ఇరుసుపై చుట్ట స్ప్రింగులును కలవు. పైని చెప్పిన లెక్క దాని వెనుక భాగమునకు చక్కగా వర్తించును.

చట్టము మాట

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నిర్మాణ సంస్థ మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుటకు యజమానికి హక్కు లేదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ నియమమునే దృఢపఱచినది. అదే సంవత్సరము జరిగిన చట్ట సవరణ ననుసరించి, అనుమతి లేని ప్రతి మార్పునకును 5,000 రూపాయల జుల్మానాయో, ఆరు నెలల వఱకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. కావున అమెరికాలో చేయుచున్నారు గదా యని మన వీథి మెకానిక్కుచే మడ్‌గార్డులు కోయించుట తగదు. ఇతరులెవరో ఎత్తు పెంచిన పాత బండిని మనము కొనినచో, చేయవలసిన పని సులభము: కార్ఖానా నిర్దేశించిన స్ప్రింగులను, షాకబ్జార్బర్లను, బంపు స్టాపులను, టైర్లను, స్టీరింగు కడ్డీలను అన్నిటిని కలిపి మరల వేయించుట. వీనిలో స్ప్రింగులను మాత్రమే మార్చి, ఎత్తు బండి కొఱకు వేసిన పొడవు షాకబ్జార్బర్లను విడిచినచో ఏమగునో పై లెక్క వలన తెలిసియే యున్నది. అవి నడక ముగియకముందే అడుగంటును.

ముగింపు

ఈ విషయమంతయు మూడు మాటలలో చెప్పవచ్చును. డిఫరెన్షియలును లేపునది టైరే కాని స్ప్రింగు కాదు. బండిని నిలుపునది తక్కువ గురుత్వ కేంద్రము. చక్రమును నేలపై నుంచునది నడక. ఆ నడకకు కావలసినది చోటు. ఎత్తుచే సంపాదింపదలచిన దానిని చోటుచే సంపాదించినవాడు, బండి నేలకు దగ్గఱగా నుండగనే గుట్టల నెక్కగలడు. మన తరగతిలో చదువు హుక్ సూత్రమును, గురుత్వ కేంద్రమును, నిష్పత్తి లెక్కలును పరీక్ష కాగితముతో ముగిసిపోవునవి కావు. ఒక బండిలో నలుగురు కూర్చుండి ఘాటు త్రోవలో దిగునప్పుడు వారి ప్రాణములు ఆ లెక్కలమీదనే యాధారపడియున్నవి.